కనపడినంత వరకే రోడ్డు మనది

కార్తీకం ఇంకా పూర్తి కాకముందే మా ఇంజినీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడుతుంది. ప్రతి ఏడాదీ అదే. ‘మారేడుమిల్లి పోదామా?’ దాని కింద మంచులో మునిగిన ఘాట్ రోడ్డు ఫొటో. ఫొటో కింద ఇరవై బొటనవేళ్లు. శనివారం తెల్లవారుజామున నాలుగింటికి అలారం మోగే సమయానికి ఆ ఇరవై మందిలో మిగిలేది ఇద్దరే. ఒకడు నేను. రెండోవాడు మా పక్క వీధిలో ఉండే మావాడు. వాడికి బైకు లేదు. అందుకే ఎప్పుడు పిలిచినా వస్తాడు.

మాది పాల్వంచ. వారంలో మూడు రోజులు హైదరాబాద్‌లో ఆఫీసు, మిగతా రోజులు ఇంటి నుంచే లాగిన్. మా ఊరి నుంచి ఇటు పోతే కొత్తగూడెం, బొగ్గు గనులు. అటు పోతే పెద్దమ్మ గుడి, బూర్గంపాడు, సారపాక, గోదావరి వంతెన, భద్రాచలం. భద్రాచలం దాటగానే ఎటపాక, అంటే ఆంధ్రప్రదేశ్. 2014లో భద్రాచలం పట్టణాన్ని తెలంగాణలో ఉంచి చుట్టుపక్కల మండలాల్ని అటు కలిపేశారు కాబట్టి, మా దగ్గర టీ ఒక రాష్ట్రంలో తాగి, టిఫిన్ ఇంకో రాష్ట్రంలో తినొచ్చు. చలికి మాత్రం ఏ సరిహద్దూ లేదు. అడవి మొదలైన దగ్గర నుంచి రెండు వైపులా ఒకేలా కొరుకుతుంది.

పోయిన డిసెంబర్‌లో ఈ రోడ్డు మీద జరిగిన ఒక విషయం చెప్పాలి. దానికంటే ముందు, చలికాలం బైకు నడపడం అంటే ఏంటో కాస్త చెప్పాలి. ఎందుకంటే అసలు కథ అందులోనే ఉంది, అది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

బండికీ బద్ధకమే

మొదటి కష్టం ఇంటి గేటు దగ్గరే. మా నాన్న పాత స్ప్లెండర్ అయితే చోక్ లాగి, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, దేవుణ్ణి తలుచుకుని పది కిక్కులు కొట్టాలి. పదకొండో కిక్కుకి దగ్గుతూ లేస్తుంది. చలికి పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు, ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ నీరసపడుతుంది. చోక్ లాగితే ఇంజిన్‌లోకి పోయే గాలి తగ్గి పెట్రోల్ పాలు పెరుగుతుంది, అప్పుడు అంటుకుంటుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక ఆ పనంతా సెన్సార్లు, ఫ్యూయల్ ఇంజెక్షన్ చూసుకుంటున్నాయి. నా బండి అదే రకం. బటన్ నొక్కితే చాలు. కానీ ఇప్పటి బళ్లలో చాలావాటికి కిక్కర్ ఉండట్లేదు. చలి రోజుల్లో బ్యాటరీ చేతులెత్తేస్తే మనం చేసేది కూడా అదే.

టైర్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. వాతావరణం పది డిగ్రీలు చల్లబడితే టైర్‌లో గాలి ఒకటిన్నర పీఎస్ఐ దాకా పడిపోతుంది. ఎండాకాలంలో కొట్టించిన గాలితోనే డిసెంబర్ దాకా నెట్టుకొచ్చే నాలాంటివాళ్లు, బండి మెత్తగా పోతోందేంట్రా అనుకుంటూనే నడిపేస్తారు.

ఇక రోడ్డెక్కాక మన ఒళ్లు. రీల్స్‌లో చలికాలం రైడ్ అంటే పొగమంచు, వెనకాల ఓ మెలోడీ, స్లో మోషన్. ఒంటికి తెలిసేది వేరు. హెల్మెట్ లోపల ముక్కు కారుతుంటే తుడుచుకునే దారి ఉండదు. కళ్లలో నీళ్లు చెంపల మీదుగా చెవుల దాకా పోతాయి. పావుగంటలో వేళ్లు మనవి కావు. క్లచ్ పట్టుకున్నామో లేదో చూసుకుంటే తప్ప తెలీదు. హెల్మెట్ అద్దం దించితే మన ఊపిరికే ఆవిరి పట్టేస్తుంది. ఎత్తితే గాలి సూదుల్లా గుచ్చుతుంది. నాకు కళ్లద్దాలు కూడా ఉన్నాయి కాబట్టి ఆవిరి రెండు పొరలు. ముందు హెల్మెట్ అద్దం, దాని వెనక కళ్లద్దం. ఆ రెండింటి వెనక నేను.

ఈ చలికో లెక్క ఉంది. గాలి వేగాన్ని బట్టి ఒంటికి ఎంత చలి తెలుస్తుందో చెప్పే సూత్రం ఒకటి 2001 నుంచి అమెరికా, కెనడా వాళ్లు వాడుతున్నారు. ఆఫీసులో పని లేనప్పుడు దాన్ని ఎక్సెల్‌లో పెట్టి చూశాను. థర్మామీటర్ 10 డిగ్రీలు చూపిస్తున్నప్పుడు గంటకి 60 కిలోమీటర్ల గాలి ముఖానికి కొడితే, చర్మానికి తెలిసేది దాదాపు 5 డిగ్రీలు. అంటే మనం ఫ్రిజ్‌లో కూర్చుని భద్రాచలం పోతున్నట్టే.

చలి వేస్తే త్వరగా చేరిపోవాలనిపిస్తుంది. త్వరగా పోతే గాలి ఇంకా కొడుతుంది. ఇంకా చలి వేస్తుంది. ఇంకా త్వరగా పోవాలనిపిస్తుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్లు దీన్ని ఇన్ఫినిట్ లూప్ అంటారు. కోడ్‌లో అలాంటిది పడితే సిస్టమ్ హ్యాంగ్ అవుతుంది. రోడ్డు మీద పడితే ఏమవుతుందో కాసేపట్లో చెప్తాను.

నాన్న చొక్కాలో పేపరు

మా నాన్న గవర్నమెంటు టీచర్. ఇప్పుడు రిటైరయ్యారు. ములకలపల్లి మండలంలో అడవి పక్క ఊళ్లలో ఏళ్ల తరబడి పని చేశారు. ప్రతి చలికాలం పొద్దున్నే ఆ స్ప్లెండర్ మీద వెళ్లి, చీకటి పడ్డాక వచ్చేవారు. రైడింగ్ జాకెట్ లేదు, గ్లవ్స్ లేవు. మంకీ క్యాప్, దాని మీద హెల్మెట్, మెడకి మఫ్లర్, స్వెట్టర్. స్వెట్టర్‌కీ చొక్కాకీ మధ్య నిన్నటి దినపత్రిక, రెండుగా మడిచి పెట్టుకునేవారు. చిన్నప్పుడు నాకు అదో పెద్ద కామెడీ. ‘నాన్నా, ఇవాళ ఏ పేజీ?’ అని అడిగేవాణ్ణి. ‘ఎడిటోరియల్ రా. అదే కాస్త వేడిగా ఉంటుంది’ అనేవారు.

అది చాదస్తం కాదు. స్వెట్టర్ వెచ్చగా ఉంటుంది కానీ దాని అల్లికలోంచి గాలి దూరిపోతుంది. పేపరు ఆ గాలిని ఆపేస్తుంది. మడతల మధ్య నిలిచిన గాలి వేడిని బయటికి పోనివ్వదు. నేను వేలకి వేలు పోసి కొన్న జాకెట్ లోపలి పొర చేసే పని కూడా అదే.

నాన్నది ఇంకో అలవాటు. మంచు ఉంటే అస్సలు తొందరపడరు. వాగులు వచ్చే దగ్గర ముందే స్లో చేసేవారు. చల్లగాలి బరువు. రాత్రంతా అది పల్లానికి జారి వాగుల్లో, నది ఒడ్డున చేరుతుంది. తేమ కూడా అక్కడే ఎక్కువ కాబట్టి మంచు ముందు అక్కడే పుడుతుంది. మీరు అడవి రోడ్డులో బైకు మీద పోతుంటే గమనించండి, కల్వర్టు దగ్గర దిగుతుండగానే మోకాళ్లకి చలి కొట్టి, మళ్లీ ఎత్తు ఎక్కగానే తగ్గిపోతుంది. ఆ మోకాళ్లకి తెలిసిన చోటే కళ్లు జాగ్రత్తపడాలి అనేవారు నాన్న.

నేను వెనక కూర్చుని ‘ఇంకాస్త స్పీడుగా పోనీ నాన్నా’ అంటే ఒకటే మాట. “కనపడినంత వరకే రోడ్డు మనదిరా. కనపడనిది ఎవరిదో.”

పాతకాలం మాస్టారి మాటలే అనుకునేవాణ్ణి.

ఆ శనివారం

పోయిన డిసెంబర్, రెండో వారం. నాలుగూముప్పావుకి పాల్వంచలో బయల్దేరాం. నాకు జాకెట్, గ్లవ్స్, మోకాళ్లకి గార్డులు, మంచి హెల్మెట్. మావాడికి ఒక హెల్మెట్, ఒక స్వెట్టర్, కాళ్లకి చెప్పులు. వాడు వణుకుతుంటే ‘నా వెనక దాక్కో, గాలి తగలదు’ అన్నాను. నవ్వుకున్నాం.

పెద్దమ్మ గుడి దగ్గర దండం పెట్టుకున్నాం. సారపాకలో పేపర్ మిల్లు వాసన. గోదావరి వంతెన మీదకి వచ్చేసరికి నది కనపడలేదు. అవతలి ఒడ్డున భద్రాచలం కనపడలేదు. రెండు వైపులా తెల్లటి దూది, మధ్యలో మేం. ఎంత బాగుందో చెప్పలేను. భద్రాచలంలో టీ తాగాం, ఒకటి కాదు, రెండేసి. గ్లాసు తాగడానికి కాదు, చేతులు కాచుకోడానికి. అప్పటికే అనుకున్నదానికంటే ఇరవై నిమిషాలు లేటు. సూర్యోదయం ఘాట్ రోడ్డు మీద చూడాలన్నది ప్లాన్. డిసెంబర్‌లో మా వైపు ఆరున్నర అయితే గానీ పొద్దు పొడవదు. అప్పటికి ఘాట్‌కి చేరడం ఎలాగూ కుదరదని కొంచెం లెక్క వేసినా తెలిసేది. లెక్కలు చేసి బతికే నేను ఆ లెక్క వేయలేదు.

ఎటపాక దాటాక కొంత దూరం వెళ్లాం. వేగం యాభై అయిదు ఉంటుంది. నా దృష్టిలో అది స్లో. మంచు కొంచెం పల్చబడింది, రోడ్డు ముప్పై మీటర్ల దాకా కనపడుతోంది. అది జగదల్‌పూర్ నుంచి విజయవాడ వైపు వచ్చే 30వ నంబర్ జాతీయ రహదారి, రాత్రంతా లారీలు తిరుగుతూనే ఉంటాయి. ఎదురుగా ఒక లారీ హైబీమ్ వేసుకుని వచ్చింది. మంచులో ఆ వెలుగు తెల్లటి గోడలా నిలబడింది. నేను ఎడమకి జరిగాను.

ఎడమ వైపు ఒక నల్లటి ఆకారం. రోడ్డు కంటే నల్లగా. బ్రేక్ నొక్కాలని మెదడు చెప్పింది. వేళ్లు వినడానికి ఇంకో అర సెకను తీసుకున్నాయి.

అది వడ్ల కుప్ప. మీద నల్ల టార్పాలిన్ పట్టా, పట్టా ఎగిరిపోకుండా చుట్టూ బండరాళ్లు. ముందు చక్రం రాయిని కొట్టింది. నేను కుప్ప మీద పడ్డాను. వడ్ల మీద పడితే పెద్దగా దెబ్బ తగలదని అప్పుడే తెలిసింది. మావాడు కుప్ప దాటి రోడ్డు మీద పడ్డాడు.

హెల్మెట్ పగిలింది, తల పగల్లేదు. ఆ మేరకు అదృష్టం. కానీ వాడి ఎడమ భుజం ఉండాల్సిన చోట లేదు. మోచేయి, అరచెయ్యి, కాలి వేళ్లు గీసుకుపోయాయి. నాకు? జాకెట్ మోచేతి దగ్గర చిరిగింది. అంతే.

గేర్ మొత్తం నాకు. దెబ్బలు మొత్తం వాడికి. ఏడాదైనా ఈ ఒక్క విషయం నేను ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోతున్నాను. ఇప్పుడు మీకు రాస్తున్నాను.

పక్కనే చలిమంట దగ్గర నులక మంచం మీద పడుకున్న రైతు లేచి పరిగెత్తుకొచ్చాడు. వస్తూనే “ఏంది బాబూ, చూసుకోవద్దా!” అని అరిచాడు. మావాడి భుజం చూశాక ఆ గొంతు మారిపోయింది. “అయ్యో” అన్నాడు, ఇంకేం అనలేదు. వాళ్లావిడ తన తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి వాడి చేతిని మెడకి వేలాడేలా కట్టింది. మంట దగ్గర కూర్చోబెట్టింది. డికాక్షన్ టీ పెట్టింది. నా చేతులు వణుకుతుంటే గ్లాసు తనే పట్టుకుంది. అది చలికి వచ్చిన వణుకు కాదు.

రైతు ఊళ్లోకి పోయి ఒక ఆటో తెచ్చాడు. ఆటో అతను ఎక్కించుకునే ముందు “కేసేమన్నా అయితదా అన్నా?” అని అడిగాడు. ప్రమాదంలో సాయం చేసినవాళ్లని కేసుల్లో ఇరికించకుండా 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. ఆ మాట అప్పుడు నాకూ తెలీదు. మీకు తెలియాలని రాస్తున్నా. అయినా అతను ఆగలేదు, భయపడుతూనే భద్రాచలం తీసుకొచ్చాడు. రాష్ట్రం అదైనా ఆ ఊళ్లవాళ్లకి దగ్గరి ఆసుపత్రి ఇటే.

కాలర్ బోన్ రెండు ముక్కలు. ప్లేటు వేశారు. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

పదిహేడు శాతం

బండి అక్కడే వదిలేసి వచ్చాను కదా. వారం తర్వాత బస్సులో వెళ్లాను. దారంతా ఒకటే ఆలోచన. రోడ్డు మీద వడ్లు పోయడం తప్పు కదా. ప్రతి సీజన్‌లో పోలీసులు వద్దని చెప్తూనే ఉంటారు, ఇలాంటి ప్రమాదాల వార్తలు మనం చదువుతూనే ఉంటాం. బండి రిపేరు, ఆసుపత్రి ఖర్చు, ఇవన్నీ ఎవరు ఇవ్వాలి? గట్టిగా అడగాలనే వెళ్లాను.

నా బండి వాళ్ల పాక పక్కన ఉంది. దాని మీద టార్పాలిన్ పట్టా కప్పి ఉంది. వడ్ల మీద కప్పే పట్టానే. “మంచుకి తుప్పు పడతదని కప్పినా బాబూ” అన్నాడు.

అడగాలనుకున్నదేదీ అడగలేకపోయాను. మంచం మీద కూర్చున్నాం. ఆయనే చెప్పుకొచ్చాడు.

వడ్లు కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్తే ముందు తేమ చూస్తారు. చిన్న మిషన్‌లో గుప్పెడు గింజలు పోస్తే నంబర్ వస్తుంది. 17 శాతం దాటితే మద్దతు ధరకి తీసుకోరు. ఇదివరకు చేత్తో కోసి, పనలు పొలంలోనే ఎండబెట్టి, తర్వాత నూర్చేవాళ్లు. ఇప్పుడు కూలీలు దొరక్క కోత మిషన్ పెట్టిస్తే, గింజ పచ్చిగానే బయటికి వస్తుంది. దాన్ని ఎండబెట్టాలి. పొలంలో పోస్తే కింద నేల తడి. ఇంటి ముందు చోటు చాలదు. చలికాలం ఎండ ఎంతసేపు? పొద్దున తొమ్మిదింటి దాకా మంచు, నాలుగయ్యేసరికి నీడ. ఆ కాస్త ఎండని పట్టుకుని వేడెక్కేది ఒక్క తారు రోడ్డే. పగలంతా కాళ్లతో తిరగేస్తూ ఆరబెట్టాలి. సాయంత్రం మంచు పడేలోపు కుప్ప చేసి పట్టా కప్పాలి. లేకపోతే పగలు పోయిన తేమ రాత్రికి తిరిగి వచ్చేస్తుంది. అడవి పందులు, పశువులు రాకుండా పక్కనే పడుకోవాలి. మేం వచ్చి పడిన రోజుకి అలా ఐదు రాత్రుల నుంచి పడుకుంటున్నారు.

“మిషన్‌లో పంతొమ్మిది వచ్చింది, పొమ్మన్నరు. ఇంకో రెండు రోజులు ఎండితే అయిపోయేది” అన్నాడు. కాసేపాగి, “రోడ్డు మీద పోయడం తప్పే బాబూ. నాకు తెలవదా? ఏడ పొయ్యమంటవ్ చెప్పు” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఊరికో సిమెంటు కల్లం, నాలుగు ఊళ్లకి ఒక డ్రయర్ ఉంటే ఈ వడ్లు రోడ్డు మీదకి రావు. అది ఆయన ఒక్కడి చేతిలో ఉన్నది కాదు. అలాగని అది వచ్చేదాకా మనం బళ్లు ఆపుకుని కూర్చోలేం.

నేను ఆ రోడ్డు మీదకి వెళ్లింది సూర్యోదయం ఫొటో కోసం. ఆయన వచ్చింది అదే సూర్యుడి కోసం. ఇద్దరికీ పొద్దు సరిపోలేదు.

మూడు మీటర్లు

ఇంటికి వచ్చాక ఒక రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. ఆ రోజు వేయని లెక్క.

గంటకి 55 కిలోమీటర్లంటే సెకనుకి 15 మీటర్ల పైమాట. ఏదో కనపడిన దగ్గర నుంచి బ్రేక్ మీద చెయ్యి పడే దాకా ఒకటిన్నర సెకను అనుకుందాం. ఆ కాస్తలోనే బండి 23 మీటర్లు పోతుంది. బ్రేక్ పడ్డాక ఆగడానికి, పొడి రోడ్డయినా, ఇంకో 20 మీటర్లు. మొత్తం 43. నాకు కనపడింది 30. అంటే ఆ కుప్పని నేను ఎలాగైనా కొట్టేవాణ్ణి. లారీ రాకపోయినా, వేళ్లు మొద్దుబారకపోయినా సరే. అక్కడ వడ్లు కాకుండా ఆవు ఉన్నా, చెడిపోయి ఆగిన ట్రాక్టర్ ఉన్నా, పొద్దున్నే కట్టెలకి పోతున్న మనిషి ఉన్నా అంతే.

ఇప్పుడు 40తో వేసి చూశాను. స్పందించేలోపు 17 మీటర్లు, ఆగడానికి 10 మీటర్లు. మొత్తం 27. కుప్పకి మూడు మీటర్ల ముందు ఆగేవాళ్లం. రైతు లేచేవాడు కాదు. మావాడు ‘చూసుకుని పోనీరా’ అని ఒక బూతు తిట్టేవాడు. అంతటితో అయిపోయేది.

ఇరవై కిలోమీటర్ల దూరం 55లో పోతే 22 నిమిషాలు, 40లో పోతే అరగంట. తేడా ఎనిమిది నిమిషాలు. ఒక భుజం ఖరీదు ఎనిమిది నిమిషాలు.

అప్పుడు అర్థమైంది, చలికాలం కష్టాలని నేను జోకుల్లా చెప్పుకునేవన్నీ ఒక్కోటి కొన్ని మీటర్లు దొంగిలిస్తాయని. అద్దం మీద ఆవిరి చూపులో మీటర్లు లాగేస్తుంది. మొద్దుబారిన వేళ్లు స్పందనలో లాగేస్తాయి. గాలి తగ్గిన టైరు, మంచుకి తడిసిన రోడ్డు బ్రేకులో లాగేస్తాయి. అన్నీ పోగా మిగిలిన రోడ్డే మనది. నాన్న ఫార్ములా ఏ ఎక్సెల్‌లోనూ లేదు, కానీ నా లెక్కా ఆయన మాటా ఒకే చోటికి వచ్చి ఆగాయి.

మీరు బయల్దేరే ముందు

పోవద్దని చెప్పను. నేనే మళ్లీ పోతున్నాను. కొన్ని మాత్రం చేయండి.

వీలైతే ఏడు దాటాక బయల్దేరండి. మంచు ఫొటోలో తక్కువ పడుతుంది, మీరు ఎక్కువ కాలం పడతారు. నెలకి రెండుసార్లు టైర్లలో గాలి చూసుకోండి, బండి వేడెక్కక ముందే. బండి స్టార్ట్ కాకపోతే సెల్ఫ్ అదే పనిగా నొక్కకండి, ఐదు సెకన్లు నొక్కి కాసేపు వదలండి. కిక్కర్ లేని బండైతే చలికాలం ముందే బ్యాటరీ చెక్ చేయించండి.

మంచులో లోబీమ్ మాత్రమే. హైబీమ్ వేస్తే ఆ వెలుగు తిరిగి మన కళ్లలోకే వస్తుంది. 2017 నుంచి వచ్చిన బళ్లకి హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఉంటుంది కాబట్టి, అంతకంటే పాత బండి ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకుని వేసుకోండి. స్టైల్ కోసం పెట్టించిన నల్ల అద్దం హెల్మెట్ తెల్లవారుజామున పనికిరాదు. అద్దం లోపలి వైపు ఒక చుక్క సబ్బు నీళ్లు రాసి మెత్తటి గుడ్డతో తుడిస్తే కొంతసేపు ఆవిరి ఆగుతుంది. ముక్కుకి అడ్డంగా కట్టిన రుమాలు ఊపిరిని కిందకి పంపితే ఇంకా మంచిది. అరగంటకోసారి ఆగి చేతులు కాచుకోండి. టీ ఖర్చు పది రూపాయలే. చొక్కాలో పేపరు పెట్టుకోడానికి సిగ్గుపడకండి.

అన్నింటికంటే ముందు, వెనక కూర్చునేవాళ్లకి గేర్ ఉందో లేదో చూడండి. లేకపోతే మీది వాళ్లకివ్వండి. అలా ఇవ్వబుద్ధి కాకపోతే, ఆ రోజు రైడ్ అవసరం లేదని అర్థం.

ఇదంతా సరదాకి పోయేవాళ్లకి. పాల క్యాన్లు కట్టుకుని పోయేవాళ్లు, పేపర్ వేసే కుర్రాళ్లు, గనుల్లో ఫస్ట్ షిఫ్ట్‌కి పోయేవాళ్లు, నైట్ షిఫ్ట్ దిగి నిద్ర కళ్లతో వచ్చేవాళ్లు, వీళ్లకి ఏడు దాటాక బయల్దేరండి అని చెప్పే హక్కు నాకు లేదు. వాళ్లు ఎదురొచ్చే రోడ్డు మీద మనం ఆ ఎనిమిది నిమిషాలు వదులుకోవడమే వాళ్లకి చేసే సాయం.

రేడియం

ఈ నవంబర్ చివర్లో పాల్వంచలో నంబర్ ప్లేట్లు చేసే షాపుకి వెళ్లి ఎరుపు, పసుపు రేడియం టేపు కొన్నాను. పాత వాటర్ బాటిళ్లకి చుట్టి, లోపల సగం ఇసుక పోసి, ఇరవై దాకా తయారు చేశాను. నాన్న కూర్చుని కత్తిరించారు. మావాడు ఒంటిచేత్తో అతికించాడు. ఇంకో చేత్తో కూడా చేయగలడు గానీ, అలా చేస్తే నేను బాధపడతానని తెలిసి కావాలనే చేస్తాడు వెధవ.

పట్టుకెళ్లి ఆ రైతుకి ఇచ్చాను. ఎలా పెట్టాలో చెప్పబోతే, “రెండు దిక్కులా పెట్టాలె, బండ్లు రెండు దిక్కుల నుంచి వస్తయి గదా” అని ఆయనే చెప్పాడు. బండరాళ్లు వద్దని మాత్రం అడిగాను. పట్టా అంచుల మీద ఇసుక బస్తాలు పెడుతున్నారు ఇప్పుడు. పక్క కుప్పలవాళ్లు కూడా బాటిళ్లు అడిగారట.

మొన్న చీకటి పడ్డాక ఆ దారిలో ఒక్కణ్ణే వచ్చాను. నలభైలో. దూరంగా మంచులో రెండు ఎర్రటి చుక్కలు, రెండు పసుపు చుక్కలు మెరిశాయి. వంద మీటర్లకి పైనే ఉంటుంది. తీరిగ్గా స్లో చేసి, కుడికి తీసుకుని, హారన్ కొట్టకుండా దాటాను. మంచం మీద ముసుగు కదల్లేదు. నిద్ర పోనీ అనుకున్నాను.

మావాడు ఇంకా బైకు ఎక్కట్లేదు. నేను అడగట్లేదు. చలి మొదలైతే భుజంలో ప్లేటు లాగుతుందట. “వెదర్ యాప్ కంటే ముందు నాకే తెలుస్తుందిరా” అంటాడు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దల మాట. వాడి భుజంలో చలి ఎప్పుడు పోతుందో ఏ మాటా చెప్పదు.

గ్రూపులో ఈసారి కూడా మెసేజ్ పడింది. ‘మారేడుమిల్లి పోదామా?’ ఇరవై బొటనవేళ్లు. మావాడు రిప్లై పెట్టాడు: ‘బస్సులో అయితే నేను రెడీ.’

రెండు టికెట్లు బుక్ చేశాను. కిటికీ సీటు వాడిది.